పనికుర్రవాడు తెరిచిన బడులు



మీ పిల్లవాడు చదివే బడిలో ఎంతమంది పనిచేస్తున్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? ఎవరైనా అడిగితే హెడ్మాస్టరు గారి పేరు చెబుతాం. లెక్కల సారు పేరు, ఇంగ్లీషు టీచరమ్మ పేరు చెబుతాం. అక్కడితో మన లెక్క ఆగిపోతుంది. అందరికంటే ముందు వచ్చి గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగే ఆయమ్మ పేరేమిటి? గంట కొట్టే చప్రాసీ పేరేమిటి? మధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడి పిల్లలందరికీ అన్నం వండే అమ్మల పేర్లేమిటి? రాత్రివేళ బడికి కాపలా ఉండే తాత పేరేమిటి? చాలామందికి తెలియదు. తెలుసుకోవాలని కూడా మనకు తోచదు.

ఆ ఆయమ్మ ఒక్కరోజు రాకపోతే ఏమవుతుందో మాత్రం మనందరికీ తెలుసు. లెక్కల సారు రాకపోతే ఒక పీరియడు పోతుంది. ఆయమ్మ రాకపోతే బడంతా ముక్కు మూసుకోవలసి వస్తుంది. వంటమ్మ రాకపోతే పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలు ఆకలితో ఇంటిదారి పడతారు. అయినా వార్షికోత్సవం రోజున వేదిక మీద వీరికి కుర్చీ ఉండదు. ఆ కుర్చీలు మోసి వరుసగా వేసేది మాత్రం వీరే.

ఈ వారం మీకు ఒక పెద్దమనిషి జీవితం చెప్పాలని ఉంది. ఆయన మన తెలంగాణవాడే. హైదరాబాదులో పుట్టి, హైదరాబాదులోనే పనిచేసి, 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. చిన్నతనంలో ఒకరి ఇంట్లో పనికి కుదిరినవాడు. పెద్దయ్యాక వేలాది పిల్లలకు బడి తలుపులు తెరిచాడు. ఆయనే భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888 మే 22న పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. మాల కులస్థులు. పుట్టినప్పుడు పెట్టిన పేరు భాగయ్య. వారి కుటుంబానికి గురువైన ఒక శైవ పెద్ద ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చారని చెబుతారు. రెడ్డి అనే మాట రేడు, అంటే ఏలిక, అనే మాట నుండి వచ్చిందని, ఈ నేలకు మొదటి ఏలికలు ఈ ప్రజలేనని ఆ గురువు భావం. ఊరి చివర బతకమని చెప్పిన మనుషులకు ఆయన ఏలిక పేరు పెట్టారు. పేరుకు బలం ఉందని ఆ పిల్లవాడు చిన్ననాడే తెలుసుకున్నాడేమో! పెద్దయ్యాక ఆయన చేసిన పోరాటంలో సగభాగం పేరు కోసమే జరిగింది.

తండ్రి త్వరగా పోయారు. ఇల్లు గడవడం తల్లి మీద పడింది. ఆ ఇంటి పిల్లవాడికి బడి చదువు సాగలేదు. ఇల్లు విడిచి పని వెతుక్కుంటూ వెళ్ళాడు. సికింద్రాబాదులో దొస్ సాంతోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరాడు. ఆ బారిస్టరు రోమన్ కాథలిక్కు. ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ రోజుల్లో పనివాడంటే పిలిస్తే పలకాలి, లేకపోతే కనిపించకూడదు. అంటరాని కులంలో పుట్టిన పిల్లవాడైతే చాలా ఇళ్ళలో గడప కూడా దాటనిచ్చేవారు కారు. ఈ బారిస్టరు మాత్రం ఆ పిల్లవాణ్ణి ఇంట్లోకి రానిచ్చాడు, ఇంటి పని అప్పగించాడు, చదువుకోవడానికి ప్రోత్సహించాడు. పుస్తకాలున్న ఇల్లు, పత్రికలు వచ్చే ఇల్లు, లోకం గురించి మాట్లాడుకునే మనుషులు వచ్చిపోయే ఇల్లు. బడి ఇవ్వని చదువు ఆ కుర్రవాడికి ఆ ఇల్లే ఇచ్చింది.

దొస్ సాంతోస్ గారు గొప్ప ఉద్యమం నడిపినవారు కారు. బడులు కట్టినవారూ కారు. తన ఇంట్లో పనిచేసే పిల్లవాణ్ణి మనిషిగా చూశారు, అంతే. ఆయన నిర్లక్ష్యంగా ఉండి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేము. కాని ఆయన చేసిన ఆ చిన్న పని ఫలితం ఎంత దూరం వెళ్ళిందో ఇక ముందు మీరే చూస్తారు.

తర్వాత భాగ్యరెడ్డి విద్యుత్ శాఖలో ఉద్యోగంలో చేరారు. జీతం వచ్చింది. తనదారి తాను చూసుకుని సుఖంగా ఉండవచ్చు. ఆయన అలా ఉండలేదు. 1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టారు. తన వాడల్లో చదవనూ రాయనూ వచ్చినవారు బహు తక్కువ. కరపత్రం పంచితే చదివేవారు లేరు. అందుకని హరికథలు, భజనలు పెట్టించి, వాటి ద్వారా మంచిచెడులు చెప్పించేవారు. తాగుడు మానుకోవాలని, పిల్లలకు చిన్నతనంలో పెళ్ళిళ్ళు చేయవద్దని, శుభ్రంగా ఉండాలని, అన్నిటికంటే ముందు చదువుకోవాలని ఆ కథల సారం. 1911లో ఆ మండలి మాన్య సంఘం అయింది. మాన్యులు అంటే గౌరవించదగినవారు. లోకం దూరంగా నెట్టిన ప్రజలకు ఆయన పెట్టిన పేరు అది. 1913లో ఆర్యసమాజం వారు ఆయన సేవను మెచ్చి వర్మ అనే బిరుదు ఇచ్చారు. అప్పటి నుండి ఆయన భాగ్యరెడ్డి వర్మ అయ్యారు.

ఇక బడుల సంగతి. 1910లో హైదరాబాదులోని ఇసామియా బజారులో, లింగంపల్లిలో ఆయన బడులు తెరిచారు. ఎందుకు తెరవవలసి వచ్చింది? నగరంలో బడులు లేకనా? ఉన్నాయి. కాని ఆ బడుల్లో ఈ పిల్లలకు చోటు లేదు. ఒకవేళ ఎవరైనా కూర్చోనిచ్చినా దూరంగా, తలుపు దగ్గర. నీళ్ళు తాగాలంటే ఎవరో ఎత్తి పోయాలి. ఇంకొక ఇబ్బంది భాష. నిజాం రాజ్యంలో ప్రభుత్వ భాష ఉర్దూ. తెలుగు ఇళ్ళ నుండి వచ్చిన పేదపిల్లలకు బడిలో చెప్పేది అర్థమయ్యేది కాదు. భాగ్యరెడ్డి వర్మ తన బడుల్లో తెలుగులో చదువు చెప్పించారు. అమ్మ మాట్లాడే మాటకు బడిలో చోటిస్తే అమ్మకే చోటిచ్చినట్లు కదా!

ఆ బడులకు జమీందారుల దానధర్మాలు పుష్కలంగా వచ్చిన దాఖలా లేదు. పగలంతా కూలి చేసేవారు, ఇళ్ళలో పనిచేసేవారు, నగరం వీధులు శుభ్రం చేసేవారు, చెప్పులు కుట్టేవారు — వీరి పిల్లల కోసం పెట్టిన బడులవి. కొందరు ఉదారులైన పైకులాల పెద్దలు కూడా తోడ్పడ్డారు. ఒక్కో బడీ పెరుగుతూ వచ్చింది. 1930ల మొదటి సంవత్సరాల నాటికి 26 బడులు, సుమారు 2,500 మంది పిల్లలు అయ్యారు. లెక్క చూడండి, ఒక్కో బడికి నూరు మంది లోపే. అంటే ప్రతి బడీ చిన్నదే. ఒకటో రెండో గదులు, ఒకరిద్దరు పంతుళ్ళు. అలాంటి చోట ఎవరి పని చిన్నది? ఎవరి పని పెద్దది? చాప పరిచే మనిషి లేకపోతే పంతులు కూర్చోవడానికే చోటుండదు. పిల్లల్ని ఇళ్ళ నుండి పిలుచుకొచ్చే మనిషి లేకపోతే పంతులు గోడలకే పాఠం చెప్పుకోవాలి.

ఆడపిల్లల చదువు గురించి కూడా ఆయన గట్టిగా నిలబడ్డారు. చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవనం ఆయన కృషికి గుర్తుగా నిలిచింది. తన ప్రజలు చేసే చేతిపనుల వస్తువులతో ఒక ప్రదర్శన కూడా పెట్టించారు. తోలుపని, నేతపని, అల్లికపని చేసే చేతులను నగరం పెద్దలు తక్కువగా చూసేవారు. ఆ చేతులు చేసిన వస్తువులను వరుసగా పెట్టి వారి కళ్ళ ముందు ఉంచారు.

1917 నవంబరులో విజయవాడలో ఒక మహాసభ జరిగింది. దానికి పంచమ మహాజన సభ అని పేరు పెట్టారు. అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ఆ పేరునే ఆయన కాదన్నారు. నాలుగు వర్ణాల తర్వాత ఐదోవారం అని మమ్మల్ని మేమే ఎందుకు పిలుచుకోవాలి, మేము ఈ నేల ఆదివాసులం కదా అని ఆయన వాదించారు. ఆ సభే ఆది ఆంధ్ర మహాసభగా మారింది. సభ జరిగిన రోజుల్లో, అంటరానివారు గుడిలోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసివేశారు. ఆ తలుపులు మూసినవారి పేర్లు నేడు ఎవరికీ తెలియవు. ఆది ఆంధ్ర అనే పేరును మాత్రం 1922లో మద్రాసు ప్రభుత్వం అంగీకరించింది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అనే పేరు ఎక్కింది. 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ మహాసభకు కూడా ఆయనే అధ్యక్షులు. అంబేద్కర్ గారిని రౌండ్ టేబుల్ సమావేశానికి ప్రతినిధిగా ఆ సభ బలపరిచింది.

1931లో ఆయన భాగ్యనగర్ పత్రిక స్థాపించారు. ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు మూడు వేలకు పైనే అని లెక్క చెబుతారు. ఆయన దళం అంటురోగాల రోజుల్లో వాడవాడకు వెళ్ళి సేవ చేసింది.

ఆయనలో లోపాలు లేవా అని మీరు అడగవచ్చు. మనిషి అన్న తర్వాత ఉంటాయి. తోటి నాయకులైన అరిగె రామస్వామి వంటివారితో భేదాభిప్రాయాలు వచ్చాయి. ఉద్యమం చీలింది. అణగారిన కులాలలోనే పైమెట్టు, కిందిమెట్టు అనే పట్టింపులు ఆ రోజుల్లో బలంగా ఉండేవి. అవి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందరినీ సమానంగా చూడమని లోకాన్ని అడిగేవారికి కూడా తమ లోపల ఉన్న మెట్లు వెంటనే కనిపించవు. అందుకని ఆయన చేసిన మేలు తగ్గిపోదు. కాని ఈ సంగతి మనల్ని మనం చూసుకోవడానికి పనికివస్తుంది.

1930ల నడుమ ఆ 26 బడులను నిజాం ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. కొందరు దాన్ని ఆయన చేతి నుండి బడులు జారిపోవడమని అనుకోవచ్చు. ఇంకొక విధంగా చూడండి. పావు శతాబ్దం పాటు ఒక సంఘం మోసిన భారాన్ని రాజ్యం తన బాధ్యతగా ఒప్పుకోవలసి వచ్చింది. ఈ పిల్లలు కూడా మా పిల్లలేనని ప్రభుత్వం చేత అనిపించడం చిన్న విజయం కాదు. తర్వాత నాలుగైదేళ్ళకే ఆయన కన్నుమూశారు. వయసు యాభై ఒక్క సంవత్సరం నిండలేదు.

పాఠకులారా, ఇప్పుడు హైదరాబాదు నుండి మన కోస్గికి వద్దాం. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్న ఈ ప్రాంతానికి ఆయన జీవితం ఏం చెబుతుంది?

మన ప్రాంతం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. వానలు నమ్మరాని నేల. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు. నేటికీ పంట పోయిన ఏడు ముంబయి, పుణె వైపు బస్సెక్కే కుటుంబాలు ఉన్నాయి. పిల్లవాణ్ణి అవ్వ దగ్గర వదిలి వెళతారు. ఆ పిల్లవాడు బడికి వస్తాడు. హోంవర్కు చూసేవారు ఇంట్లో లేరు. సంతకం పెట్టడానికి నాన్న లేడు. తరగతిలో వెనకబడతాడు. పంతులు గారికి నలభై మంది పిల్లలు. కాని గేటు దగ్గర ఉండే చప్రాసీకి ఆ పిల్లవాడు రెండు రోజులుగా రావడం లేదని తెలుసు. వంటమ్మకు వాడు రెండోసారి అన్నం పెట్టించుకుంటున్నాడని తెలుసు, అంటే రాత్రి ఇంట్లో తినలేదని కూడా తెలుసు. ఆ సంగతులు చెప్పేందుకు వారిని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా? ఉపాధ్యాయుల సమావేశంలో వారికి చోటుందా? లేకపోతే ఆ పిల్లవాడి గురించి బడికి తెలిసిన సంగతుల్లో సగం బడి బయటే ఉండిపోతున్నాయి.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ఆడపిల్లను దేవతకు ఇచ్చామని చెప్పి బతుకంతా చెరిచే జోగిని దురాచారం మన ప్రాంతంలో వేళ్ళూనుకుని ఉండేది. దాని మీద భాగ్యరెడ్డి వర్మ ఆ రోజుల్లోనే పోరాడారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చాక కూడా ఆ తల్లుల పిల్లలు బడికి వచ్చినప్పుడు ఒక గడి వారిని గుచ్చింది. దరఖాస్తులో తండ్రి పేరు రాయవలసిన గడి. పదిమంది ముందు గట్టిగా ఆ ప్రశ్న అడిగితే ఆ తల్లి తలదించుకుని, పిల్లను చేయి పట్టుకుని వెనుదిరగవచ్చు. అదే ప్రశ్నను పక్కకు పిలిచి మెల్లగా అడిగి, తల్లి పేరు రాసుకునే గుమాస్తా ఉంటే ఆ పిల్ల బడిలో ఉంటుంది. చూశారా, ఒక గుమాస్తా నోటి మాట మీద ఒక బతుకు ఎలా ఆధారపడి ఉందో! బడిలో చిన్న ఉద్యోగం అంటూ ఏదీ లేదు.

మధ్యాహ్న భోజనం సంగతి చూడండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో అది మొదలైంది. 2004 ఏప్రిల్‌లో వంటపనికి దళిత, గిరిజన స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా కోర్టు చెప్పింది. ఎందుకు చెప్పవలసి వచ్చిందో ఊహించండి. వారు వండితే మా పిల్లలు తినరని పెద్దలు అడ్డుపడిన సంఘటనలు దేశంలో ఎన్నో చోట్ల వార్తల్లోకి ఎక్కాయి. పిల్లలు అడ్డుపడలేదు. పెద్దలే అడ్డుపడ్డారు. పిల్లలకు ఆకలి, అన్నం, వడ్డించే చేయి తెలుసు. ఆ చేతికి కులం ఉందని నేర్పింది మనమే. 1910లో భాగ్యరెడ్డి వర్మ విడిగా బడులు ఎందుకు పెట్టవలసి వచ్చిందో, అదే జబ్బు నూరేళ్ళ తర్వాత వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

మన యాజమాన్యాల కింద నడిచే బడులు, బోర్డింగులు ఈ ప్రశ్నకు అతీతం అనుకోవద్దు. మన బడుల్లో ఆయాల జీతం ఎంత? నెలనెలా సకాలంలో అందుతోందా? వారి పిల్లలకు మన బడిలోనే చోటిచ్చామా? టీ ఇచ్చేటప్పుడు పంతుళ్ళకు ఒక గ్లాసు, ఊడ్చే మనిషికి వేరే గ్లాసు ఉందా? సిస్టరు గారు, ఫాదరు గారు అని నోరారా పిలిచే మన పిల్లలు, తాతవయసున్న వాచ్‌మన్‌ను ఏయ్ అని పిలుస్తుంటే మనం విన్నామా? విని ఊరుకున్నామా? పిల్లలు బడిలో నేర్చుకునే మొదటి పాఠం పుస్తకంలో ఉండదు. ఎవరికి నమస్కారం పెట్టాలి, ఎవరికి పెట్టనక్కరలేదు అనేది చూసి నేర్చుకుంటారు.

సికింద్రాబాదులోని ఆ బారిస్టరు ఇంటిని మరొక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ ఇంటికి వచ్చిన అతిథుల్లో ఎందరికి ఆ పనికుర్రవాడి పేరు తెలిసి ఉంటుంది? పాతికేళ్ళ తర్వాత ఇరవై ఆరు బడులకు అతడు పెద్ద అవుతాడని ఎవరు ఊహించి ఉంటారు? మీ బడి వంటగదిలో తల్లికి సాయంగా గిన్నెలు కడిగే పిల్లలో ఏముందో మీకూ నాకూ తెలియదు. కాని వంటమ్మకు గౌరవం దక్కాలంటే ఆమె కూతురు పెద్ద ఆఫీసరు కావలసిన పనిలేదు. ఆమె ఆ పని చేస్తున్నందుకే, ఆమె మనిషైనందుకే ఆ గౌరవం ఆమెకు దక్కాలి. భాగ్యరెడ్డి వర్మ తన సంఘానికి మాన్య సంఘం అని పేరు పెట్టింది వారు ముందు ముందు మాన్యులు అవుతారని కాదు. వారు అప్పటికే మాన్యులని.

ఈ వారం మీరు ఒక్క పని చేయండి. మీ పిల్లవాడిని బడి దగ్గర దింపినప్పుడు ఆయమ్మ పేరు అడిగి తెలుసుకోండి. మీ పిల్లవాడి చేత ఆమెకు నమస్కారం పెట్టించండి. బడి కమిటీలో సభ్యులైతే, వచ్చే సమావేశానికి చప్రాసీని, వంటమ్మను పిలిచి కూర్చోబెట్టి, పిల్లల గురించి వారికి తెలిసింది అడగండి. వారి జీతం బకాయి ఉంటే ముందు ఆ సంగతి తేల్చండి. వార్షికోత్సవం నాడు వేదిక మీద ఇంకో రెండు కుర్చీలు వేయించండి. ఆ రోజు ఆ కుర్చీలను మాత్రం మీరే మోయండి.